పిండి అల్మారాలో యెఫ్రీ కవరు

మా బావ ఆర్విన్ హ్రుస్కా డెబ్భై నాలుగేళ్ల జీవితంలో దొంగతనానికి ఒక్కసారే బయల్దేరాడు. అదీ నా హోటల్ వంటింట్లోకి, గురువారం పొద్దున్న పదింటికి, నెత్తిన పంది బొమ్మ టోపీతో. ఊళ్లో ఆ టోపీ ఒక్కటే ఉంది. దొంగతనానికి వచ్చేవాడు కనీసం టోపీ అయినా తీసి రావాలా వద్దా?

"జోలీన్, ఈ కిటికీలోంచి చలిగాలి కొడుతున్నట్టుంది, కాస్త చూడనా?" అంటూ తిన్నగా నా పిండి అల్మారా దగ్గరికి నడిచాడు. అల్మారా ఉన్న గోడకి కిటికీయే లేదు.

"ఏం కావాలి బావా?" అన్నాను.

"ఏం లేదమ్మా, ఊరికే."

"ఊరికే అయితే చెవులెందుకు అంత ఎర్రగా ఉన్నాయి?"

టోపీ కిందికి లాగి చెవులు కప్పుకున్నాడు. మా కెల్సీ ఫెర్రీలో ఎవర్నడిగినా చెప్తారు, ఆర్విన్‌కి అబద్ధమాడటం చేతకాదని. నోరు ఏం చెప్పినా చెవులు పట్టించేస్తాయి.

ఈయన ముప్పై ఒక్క ఏళ్లు మాంసం కంపెనీకి పందులు కొన్నాడు. రైతు దొడ్డి కంచె మీద మోచేతులు ఆనించుకుని, ఒక్కొక్క పందినీ ఎగాదిగా చూసి, లోపల మాంసమెంత, కొవ్వెంత అని చిన్న పుస్తకంలో రాసుకునేవాడు. అంతవరకు అందరూ చేసేదే. ఈయన మర్నాడు తెల్లవారగానే కంపెనీకి వెళ్లి, కొక్కేనికి వేలాడుతున్న అదే పందిని చూసి, తన అంచనా ఎంత తప్పిందో ఎర్ర పెన్సిల్‌తో పక్కనే రాసుకునేవాడు. ఎవరూ అడగలేదు, ఎవరూ జీతం పెంచలేదు. అదో పిచ్చి. మా అక్క బెర్డీన్‌ని మొదటిసారి డ్యాన్సు హాల్లో చూసినప్పుడు కూడా ఏదో అంచనా రాసుకునే ఉంటాడని నా అనుమానం. అడిగితే చెవులు ఎర్రబడతాయి.

రిటైరయ్యాక ఆ పిచ్చి తీసుకొచ్చి బేస్‌బాల్‌కి తగిలించాడు. మా ఊరి జట్టు కింది మెట్టు జట్టు. మహానగరంలో పెద్ద జట్టు ఆఫీసువాళ్లు ఎక్కడెక్కడి కుర్రాళ్లనో ఏరి, సంతకాలు పెట్టించి, ముందు మా ఊరికి పంపుతారు. పనికొస్తారనుకున్నవాళ్లని పైకి లాగుతారు, మిగతావాళ్లని ఇంటికి పొమ్మంటారు. కుర్రాళ్లు వచ్చిన వారానికే పేపర్లవాళ్లు "ఆఫీసు ఈసారి రత్నాల్ని ఏరింది" అని రాసేస్తారు. అది చదివితే మా బావకి ఒళ్లు మండిపోయేది.

"పంది ఇంకా కంచె దగ్గరే ఉందయ్యా! అప్పుడే మెడలో బహుమతి రిబ్బనేంటి? కొక్కెం దాకా రానీ!" అని నా కౌంటరు మీద గుద్ది, నా కాఫీ ఒలకబోసి మరీ అరిచేవాడు.

అలా మొదలైంది మా పదేళ్ల పంచాయితీ. ఏటా జనవరి ఆఖరి శనివారం, నా హోటల్లో, సరిగ్గా పదేళ్ల కిందటి వేసవిలో మా ఊళ్లో ఆడిన కుర్రాళ్ల పేర్లన్నీ నల్లబల్ల మీద రాస్తాం. ప్రతి పేరు పక్కనా ఆఫీసుకి రెండు మార్కులు. ఎంపికకి ఒకటి, పెంపకానికి ఒకటి. బంగారం లాంటివాణ్ని ఏరి తెచ్చి చెడగొడితే ఎంపికకి పది, పెంపకానికి సున్నా. ఏరడం చేతకాక పనికిరానివాణ్ని తెచ్చి ఐదేళ్లు మేపితే రెండూ సున్నాలే.

ఆఫీసుకి మార్కులేస్తే సరిపోయిందా, మరి మన సంగతో అన్నది కూడా బావే. అందుకని ఏటా జూన్‌లో పంచాయితీ పెద్దలం ఐదుగురం ఒక్కొక్క కుర్రాడి గురించి ఒక్కొక్క ముక్క రాసి, కవర్లలో పెట్టి అంటిస్తాం. పదేళ్లు అవి నా పిండి అల్మారాలో ఉంటాయి. తాళం చెవి నా మెళ్లో ఉంటుంది. పంచాయితీ రోజున విప్పి చదువుతాం. అందరిలోకీ ఘోరంగా తప్పినవాళ్లు వీధిలోకి వెళ్లి, పందుల్ని మేతకి పిలిచే కేక ఊరంతా వినబడేలా పెట్టాలి. ఇప్పటికి పదమూడు పంచాయితీలయ్యాయి. మొక్కజొన్న విత్తనాలమ్మిన ఎల్డన్ ఫికె ఆరుసార్లు కేక పెట్టాడు. నేను నాలుగుసార్లు పెట్టాను. బావ ఒక్కసారి కూడా పెట్టలేదు. పైగా ప్రతిసారీ గుమ్మంలో నిలబడి "ఇంకాస్త గట్టిగా జోలీన్, పందులకి వినబడలేదు" అని వెక్కిరించేవాడు.

అలాంటి మనిషి నా అల్మారా ముందు దొంగపిల్లిలా నిలబడ్డాడు. స్టూలు లాగి కూర్చోబెట్టి, కాఫీ పోశాను. పోస్తే నిజం కక్కేశాడు.

సంగతంతా యెఫ్రీది. పదేళ్ల కిందట పందొమ్మిదేళ్ల కుర్రాడు, డొమినికన్ దేశంలో బానీ ఊరినించి వచ్చాడు. బంతి విసిరేవాడికి ఎదురుగా గొంతుక్కూర్చుని పట్టే క్యాచర్. మా ఊళ్లో జట్టు కుర్రాళ్లు ఇళ్లల్లోనే ఉంటారు కదా, వీడు రెండు వేసవులు మా అక్క ఇంట్లో మేడ మీద గదిలో ఉన్నాడు. మొదట్లో వాడికి మా మాట రాదు, బావకి వాడి మాట రాదు. వాడు పొద్దస్తమానం ధాన్యం కొట్టం గోడకి బంతి కొడుతూ కూర్చుంటే, రాత్రి భోజనానికి పిలవడానికి బావ వెనక వరండాలో నిలబడి తనకి చేతనైన పద్ధతిలో, పందుల్ని మేతకి పిలిచినట్టే పిలిచేవాడు. "సూ... యీ! సూ... యీ... యెఫ్రీ!" వాడు ఎక్కడున్నా పరుగెత్తుకొచ్చేవాడు. ఒకసారి పదకొండు మొక్కజొన్న కంకులు తిన్నాడు. మా అక్క లెక్కపెట్టి మరీ చర్చిలో చెప్పుకుంది.

రెండో వేసవి ఆఖర్న ఆఫీసువాళ్లు పిలిచి ఇంటికి పొమ్మన్నారు. వాడు అక్క వంటింటి బల్ల దగ్గర కూర్చుని తల వాల్చి ఏడ్చాడు. బావ సింకు దగ్గర నిలబడి, కడిగిన కప్పునే మళ్లీ మళ్లీ కడుగుతూ ఒక మాటన్నాడు.

"ఏడవకురా. నీ గురించి నేను కవర్లో ఏం రాశానో తెలుసా? పెద్ద జట్టులో ఆడతాడని రాశాను. జోలీన్ అల్మారాలో భద్రంగా ఉంది. ఆఫీసువాళ్లకి కళ్లు లేవు, నాకున్నాయి."

కుర్రాడు కళ్లు తుడుచుకుని లేచాడు. మెక్సికోలో ఆడాడు, చలికాలాల్లో వాళ్ల దేశంలో ఆడాడు, ఏ ఆఫీసూ పట్టించుకోని జట్లలో బస్సులెక్కి తిరిగాడు. ఇరవై అయిదో ఏట ఇంకో పెద్ద జట్టు తీసుకుంది. నాలుగేళ్లు అక్కడే ఉన్నాడు. మోకాలు పోయి మొన్నీమధ్యే ఆట మానేస్తే, తమాషా చూడండి, వీణ్ని పొమ్మన్న ఆఫీసే పిలిచి, మా ఊరి జట్టు క్యాచర్లకి నేర్పే పని ఇచ్చింది. శనివారం ఊళ్లో దిగుతున్నాడు. ఎల్డన్ ఫోను చేసి పంచాయితీకి పిలిచాడట కూడా.

"ఇందులో ఏడుపేముంది బావా? కవరు విప్పితే నీ పేరు మోగిపోతుంది కదా!" అన్నాను.

"అదే జోలీన్. కవర్లో అలా లేదు."

"మరెలా ఉంది?"

కాఫీలోకి చూస్తూ చెప్పాడు. "కొట్టడం రాదు. పైకి పోడు. ఇప్పుడే ఇంటికి పంపడం మేలు."

"ఓరి నాయనో!" అన్నాను. గరిట చిల్లీ కుండలో, ఆ ఉడుకుతున్న మాంసం చిక్కుళ్ల కూరలో పడిపోయింది, మునిగిపోయింది, దాన్ని పట్టకారుతో తీయాల్సొచ్చింది.

బావ టోపీ ఎత్తి, నెత్తి మీదనించి కొత్త కవరు తీశాడు. అందులో "తప్పకుండా పైకి పోతాడు" అని రాసి, పాతదానిలా కనబడాలని కాఫీ మరకలు కూడా పెట్టాడు. ఆ మరకలు చూస్తే నాకు నవ్వాగలేదు, అంత శ్రద్ధగా వరసగా పెట్టాడు మహానుభావుడు.

"వాడు ఇన్నేళ్లూ ఆ మాట మీద బతికాడే," అన్నాడు. "ప్రతి క్రిస్మస్‌కీ ఫోను చేసి అడుగుతాడు, పెద్దాయనా, నా కవరు భద్రంగా ఉందా అని. ఎల్లుండి నలభై మంది ముందు విప్పితే వాడి మొహం ఎలా ఉంటుందో నువ్వే ఊహించు. నా పరువు పోతే పోనీ. వాడు నా గుమ్మం మళ్లీ తొక్కడు."

నేను పంచాయితీ ఖజానాదారుని. ఇరవై రెండేళ్లుగా ఆ తాళం ఎవరికీ ఇవ్వలేదు. నా పెళ్లినాటి గొలుసు పోయింది గాని అది పోలేదు. అయినా మనిషిని అలా చూడలేకపోయాను. తాళం చెవి తీసి బల్ల మీద పెట్టి, "నేను చిల్లీ కలుపుకుంటున్నాను, నాకు వెనక కళ్లు లేవు" అని అటు తిరిగాను. కలిపాను, కలిపాను, చిల్లీ అంత కలపాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. ఇటు తిరిగేసరికి బావ అక్కడే ఉన్నాడు, తాళం చెవీ అక్కడే ఉంది.

"నావల్ల కాదు," అన్నాడు. "రాసింది రాసిందే." కొత్త కవరు పొయ్యిలో పడేసి వెళ్లిపోయాడు.

శనివారం హోటల్లో కాలు పెట్టే సందు లేదు. చిల్లీ, దాల్చినచెక్క రోల్స్ పొద్దున్న పదకొండుకే సగం ఖాళీ. తలుపు తోసుకుని యెఫ్రీ వచ్చాడు. గడ్డం, వెడల్పాటి భుజాలు, కుంటుతున్న మోకాలు, చేతిలో వాళ్లమ్మ చేసిన పాలమిఠాయి డబ్బా. మా అక్క వాణ్ని పట్టుకుని వదల్లేదు.

"చిక్కిపోయావురా!" అంది.

"అమ్మా, అప్పటికన్నా పాతిక కిలోలు పెరిగాను!"

"అయితే ఏం? చిక్కిపోయావు."

బావ మూలన నిలబడ్డాడు. వాడే వెళ్లి కావలించుకుని గాల్లోకి ఎత్తాడు. పంది టోపీ కింద పడింది. అప్పటికే చెవులు రెండూ టమోటాల్లా ఉన్నాయి.

ఎల్డన్ నల్లబల్ల దగ్గర మొదలెట్టాడు. ముందు గ్యారిసన్ వీల్ పేరు. ఆ ఏడు ఆఫీసువాళ్లు నెత్తిన పెట్టుకుని ఊరేగించిన కుర్రాడు. ఇప్పుడు నెబ్రాస్కాలో పళ్లు పీకుతున్నాడు.

"పళ్ల డాక్టరుగా అయితే ఎంపికకి పది!" అని ఎవరో అరిచారు. రెండు వేశాం.

తర్వాత ఎడమచేతివాటం టక్కర్. వాడి చెయ్యి చూడముచ్చటగా ఉండేది. ఆఫీసువాళ్లు విసిరే తీరు మార్చి, మళ్లీ మార్చి, మూడోసారి మార్చి భుజం విరగ్గొట్టారు. ఎంపిక తొమ్మిది, పెంపకం గుండు సున్నా. హోటలంతా తలలు తిప్పి యెఫ్రీ వైపు గుర్రుగా చూసింది.

"నన్నెందుకు చూస్తారు? నేను పనిలో చేరి పదకొండు రోజులే అయింది!" అని వాడు చేతులెత్తేశాడు.

"ఆఫీసు ఉప్పు తింటున్నావుగా, నువ్వూ తిట్లు తిను!" అన్నాడు ఎల్డన్. జనం బల్లలు చరిచారు. యెఫ్రీ అందరికన్నా గట్టిగా నవ్వాడు.

అలా పన్నెండు పేర్లయ్యాయి. పదమూడోది యెఫ్రీది. నలుగురి కవర్లూ విప్పాం. నేనైతే "మంచి వంటవాడవుతాడు" అని రాసి చచ్చాను. మిగిలింది బావ కవరు.

"ఆర్విన్ కవరు యెఫ్రీయే చదవాలి," అన్నాడు ఎల్డన్. "ఇన్నేళ్లుగా దీని గురించే కదా వింటున్నాం!"

కవరు చింపి వాడికిచ్చాను. నేను వాడి పక్కనే ఉన్నాను, కాగితం మీద అక్షరాలు నాకు కనబడుతూనే ఉన్నాయి. వాడి కళ్లు ఒకసారి ఆ గీతల వెంట వెళ్లాయి, మళ్లీ మొదటికి వచ్చాయి. నోరు తెరిచి గట్టిగా చదివాడు.

"ఈ కుర్రాడు పెద్ద జట్టులో ఆడతాడు. నా మాట రాసి పెట్టుకోండి. ఆర్విన్ హ్రుస్కా."

చప్పట్లు, ఈలలు. వాడు కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో దోపుకున్నాడు. హమ్మయ్య, గండం గడిచింది, ఇక మిగిలిన చిల్లీ వడ్డించుకోవచ్చు అనుకున్నాను. అప్పుడు కుర్చీ జరిగిన చప్పుడైంది. బావ లేచి నిలబడ్డాడు.

"అలా రాయలేదు."

"కూర్చో పెద్దాయనా," అన్నాడు యెఫ్రీ మెల్లగా.

"కూర్చోను. ఆ కాగితం మీద అలా లేదు. కొట్టడం రాదు, పైకి పోడు, ఇంటికి పంపడం మేలు. అదీ నేను రాసింది. ఆఫీసు ఏం చూసిందో నేనూ అదే చూశాను. ఆ రోజు వంటింట్లో వీడు ఏడుస్తుంటే చూడలేక అబద్ధం చెప్పాను."

ముందు తేరుకున్నది మా అక్క.

"ఆర్విన్! నా బల్ల దగ్గర కూర్చుని, నా మొక్కజొన్న తింటున్న పిల్లాడి గురించి అలా రాశావా? సిగ్గు లేదూ?"

"జూన్‌లో రాశానే. మొక్కజొన్న ఇంకా రాలేదు," అన్నాడు బావ.

యెఫ్రీ నా వైపు తిరిగాడు. "జోలీన్ అక్కా, అయితే మీ అల్మారాలో ఏమీ లేదన్నమాట."

ఏం చెప్పాలో తోచక నిజమే చెప్పాను. "పిండి ఉంది నాయనా. చక్కెర కూడా ఉంది."

ఏడుస్తాడనుకున్నాను. వాడు పక్కున నవ్వాడు. ఆ నవ్వు ఆగలేదు. బల్ల పట్టుకుని వంగిపోయాడు, కళ్లనీళ్లు గడ్డంలోకి కారుతున్నాయి.

"పిండి!" అన్నాడు. "మెక్సికోలో మాంటెర్రే దగ్గర బస్సు చెడిపోయి ఎండలో ఐదు గంటలు కూర్చుని, మానేద్దామనుకున్నా. ఆగు, అక్కడ అల్మారాలో రాసి ఉంది అనుకున్నా. మోకాలికి కోత పెట్టినప్పుడూ అదే. పెద్ద జట్టులో మొదటి రోజు కాళ్లు వణుకుతుంటే అదే. నాలుగేళ్లు పెద్ద జట్టులో ఆడింది పిండి డబ్బా మీద నమ్మకంతోనా!"

ఇక హోటల్లో ఎవరికీ ఒళ్లు తెలియలేదు. ఎల్డన్ నవ్వలేక నేల మీద కూర్చున్నాడు. నాకు కడుపు పట్టేసింది. బావ ఒక్కడే నిలబడి టోపీ నలుపుతున్నాడు. యెఫ్రీ వెళ్లి ఆ టోపీ లాక్కుని తన నెత్తిన పెట్టుకున్నాడు.

"పెద్దాయనా, నేను పైన పదిసార్లు బ్యాటు పడితే రెండుసార్లు కూడా సరిగ్గా తగల్లేదు. కొట్టడం రాదని రాశావు చూడు, అది నూటికి నూరుపాళ్లు నిజం!"

"మరి నాలుగేళ్లు ఎందుకుంచుకున్నారు నిన్ను?" అడిగాడు ఎల్డన్ నేల మీదనించే.

యెఫ్రీ భుజాలెగరేశాడు. "బంతి విసిరేవాళ్లు ఉంచమనేవాళ్లు. నేను ఎదురుగా కూర్చుంటే వాళ్లకి భయం తగ్గేదట."

బావ నోరు తెరుచుకుంది. "నేను వీడి బ్యాటు చూశాను, భుజం చూశాను, నడుము చూశాను. రోజూ సాయంత్రం జట్టులో ముగ్గురు విసిరేవాళ్లు వచ్చి మా వెనక వరండాలో వీడి కోసం కూర్చునేవాళ్లు. అది చూడలేదు. వాళ్లు మా ఫ్రిజ్ కోసం వస్తున్నారనుకున్నాను!"

"ఫ్రిజ్ కోసం కూడానే," అన్నాడు యెఫ్రీ.

"మార్కులు రాసుకో ఎల్డన్," అన్నాడు బావ. గొంతు గట్టిపడింది, మళ్లీ మా పాత బావ అయ్యాడు. "ఆఫీసుకి ఎంపిక ఐదు. ఏరింది మంచివాణ్నే, ఎందుకేరారో వాళ్లకే తెలీదు. పెంపకం సున్నా. నాకు రెండూ సున్నా."

"పెంపకం సున్నా ఏంటి?" మా అక్క జనాన్ని తోసుకుని వెళ్లి ఎల్డన్ చేతిలోంచి సుద్దముక్క లాక్కుంది. పెంపకం కింద సున్నా చెరిపి, పది వేసి, పక్కన పెద్ద అక్షరాలతో తన పేరు రాసుకుంది. ఎవరికీ ఎదురు చెప్పే ధైర్యం లేకపోయింది.

ఆ ఏటి ఘోరమైన తప్పు ఎవరిదో ఓటు వెయ్యాల్సిన పని కూడా రాలేదు. నలభై మందీ ఒకేసారి బావని చూశారు. ఇరవై రెండేళ్లు కాచుకుని ఉన్నాను నేను ఈ ఘడియ కోసం. తలుపు బార్లా తెరిచి పట్టుకున్నాను.

"గట్టిగా బావా! పందులకి వినబడాలి!"

వీధి నిండా మంచు, గడ్డకట్టే చలి, ఊరివాళ్లంతా కిటికీలకి ముక్కులు ఆనించి చూస్తున్నారు. బావ రోడ్డు మధ్యకి వెళ్లి, కాళ్లు ఎడం చేసి, అరచేతులు నోటి చుట్టూ పెట్టుకున్నాడు. "సూ... యీ!" అన్నాడు. అక్కడే ఆగి హోటల్ గుమ్మం వైపు చూశాడు. ఎల్డన్ వెక్కిరించబోయి ఎందుకో మానేశాడు. బావ గట్టిగా ఊపిరి పీల్చి మళ్లీ ఎత్తుకున్నాడు. ఈసారి పందులకి పెట్టే కేక కాదది, ఆ వెనక వరండాలో పెట్టేది.

"సూ... యీ! సూ... యీ... యెఫ్రీ!"

లోపల యెఫ్రీ అప్పుడే చిల్లీ గిన్నె తీసుకుని కూర్చున్నాడు. గిన్నె నా చేతిలో పెట్టి, కోటు కూడా వేసుకోకుండా, కుంటుకుంటూ బయటికి పరుగెత్తాడు.